పవర్ డ్రా బార్ గురించి రాసిన అమ్మాయికి

చి. సౌజన్యకు,

ఆశీస్సులు. ఇంట్లో ఉన్న మిల్లింగ్ మెషీన్‌కి (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే యంత్రానికి) పవర్ డ్రా బార్, అంటే కట్టర్‌ని బిగించి ఉంచే పొడవాటి బోల్టుని గాలి బలంతో పనిచేయించే అమరిక, పెట్టుకోవడం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. పని తెలిసినదానివని మూడో పేరాకే అర్థమైంది. మొదటి రెండు పేరాలు మాత్రం పారిశ్రామిక విప్లవం దగ్గర ఎత్తుకున్నావు. షెడ్డులో బ్రిడ్జ్‌పోర్ట్ కంపెనీ తరహా మిల్లు పెట్టుకున్నవాళ్లకి ఆ చరిత్ర అక్కర్లేదు. ఆ మెషీన్ 1938లో వచ్చిందని చెప్పాలనిపిస్తే ఒక్క ముక్క చెప్పి దాటిపో.

అసలు కథ చేతుల దగ్గర మొదలవుతుంది. కొలతకు ఒక బెజ్జం వేయాలంటే ముందు సెంటర్ డ్రిల్లు, తర్వాత డ్రిల్లు, ఆపైన బెజ్జాన్ని కొలతకు నునుపు చేసే రీమర్. టూలు మార్చిన ప్రతిసారీ ఒక చెయ్యి బ్రేకు మీద ఉండాలి, రెండోది పైకి అందుకుని స్పానర్ తిప్పాలి. రెండు చుట్లు వదులయ్యాక ఇత్తడి సుత్తితో డ్రా బార్ నెత్తిన ఒక్కటి వేయాలి. కట్టర్‌ని పట్టుకునే కాలెట్ టక్కుమని వదిలేసరికి కట్టర్ వైస్ మీద పడకుండా కింద పాత గుడ్డతో పట్టుకోవాలి. పొట్టివాళ్లయితే స్టూలు కూడా ఎక్కాలి. నువ్వు రోజూ చేసే ఈ పని గురించి వ్యాసంలో ఒక్క వాక్యం లేదు! అది లేకపోతే ఇంత సరంజామా ఎందుకో చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

‘ఏ మిల్లుకైనా పనికొస్తుంది’ అని రాశావు. రాదు. కాలెట్ వెళ్లి స్పిండిల్‌లో (కట్టర్‌ని తిప్పే ఇరుసులో) కూర్చునే ఏటవాలు భాగమే టేపర్. ఆర్8 రకం టేపర్ కోణం దాదాపు 17 డిగ్రీలు. డ్రా బార్ వదులైతే చిన్న దెబ్బకే ఊడొస్తుంది. మోర్స్ రకం టేపర్ దాదాపు 3 డిగ్రీలే కాబట్టి పట్టుకుంటే ఒక పట్టాన వదలదు, గట్టిగా కొట్టాల్సిందే. నీ దగ్గరున్నది ఆర్8 అని మొదట్లోనే చెప్పు, కారణం కూడా చెప్పు. కారణం తెలిస్తే మోర్స్ ఉన్నవాళ్లు తమకేం కావాలో తామే ఆలోచించుకుంటారు.

రెండు రకాల అమరికలనూ కలిపేశావు. ఒకటి నువ్వు చేసింది: గాలి సిలిండర్ బటర్‌ఫ్లై ఇంపాక్ట్ రెంచ్‌ని (గాలితో దెబ్బలు వేస్తూ బోల్టులు తిప్పే పరికరాన్ని) కిందికి నొక్కుతుంది, సాకెట్ డ్రా బార్ తలని అందుకుని తిప్పుతుంది, పనయ్యాక స్ప్రింగులు పైకి లాగేస్తాయి. ఇంకొకటి బెల్‌విల్ వాషర్లది, అంటే స్ప్రింగులా పనిచేసే గిన్నె ఆకారపు వాషర్లది. అక్కడ తిప్పడం ఉండదు. వాషర్లు డ్రా బార్‌ని ఎప్పుడూ పైకి లాగి పట్టుకుంటాయి, సిలిండర్ నొక్కితేనే వదులుతాయి. వాటిని ఒకే వైపు పేరిస్తే బలం పెరుగుతుంది, ఎదురెదురుగా పేరిస్తే కదలిక పెరుగుతుంది. ఇది వేరే వ్యాసానికి దాచుకో.

బలం లెక్క మాత్రం వదలకు. 63 మిల్లీమీటర్ల సిలిండర్‌కి 6 బార్ ఒత్తిడితో గాలి ఇస్తే దాదాపు 190 కిలోల తోపుడు. అది ఎక్కడికి పోతుందో నువ్వు రాయలేదు. డ్రా బార్ మీద నొక్కితే స్పిండిల్ మీదికి, అక్కణ్ణుంచి బేరింగుల మీదికి పోతుంది. రెంచ్ రకానికి అంత తోపుడు అవసరమే లేదు, గాలి తగ్గించుకోవచ్చు. వాషర్ల రకంలో తగ్గించే వీల్లేదు కాబట్టి సిలిండర్‌ని స్పిండిల్ పైభాగాన్నే పట్టుకునేలా అమరుస్తారు. నొక్కేదీ అదే, ఎదురు పట్టేదీ అదే, బేరింగులకి సంబంధం ఉండదు.

టైర్ల షాపులో వాడే అర అంగుళం గన్ను సరిపోతుందన్న మాట తీసెయ్. అది డ్రా బార్ మరలని తినేస్తుంది. 3/8 అంగుళం రెంచ్ చాలు. బిగించే వైపు గాలికి విడిగా రెగ్యులేటర్ పెట్టి, విప్పే వైపు కన్నా తక్కువ ఒత్తిడి ఇవ్వమని రాయి. క్విల్‌ని (స్పిండిల్‌ని పైకీ కిందికీ జరిపే గొట్టాన్ని) పూర్తిగా పైకి లేపితేనే సాకెట్ తలకి అందుతుందని కూడా చెప్పు. లేకపోతే మొదటిరోజే ‘పనిచెయ్యట్లేదు’ అని టెన్షన్ పడతారు.

జాగ్రత్తలన్నీ చివర్లో మందుసీసా మీది చిన్నక్షరాల్లా పేర్చావు. అక్కడిదాకా చదివేదెవరు? సాకెట్ డ్రా బార్ మీద ఉండగా మోటారు ఆన్ అయితే రెంచ్ బ్రాకెట్‌తో సహా విరిగి ఎగురుతుంది. అందుకే రెంచ్ పూర్తిగా పైకి లేస్తేనే మోటారుకి కరెంటు వెళ్లేలా స్టార్టర్ సర్క్యూట్‌లో లిమిట్ స్విచ్ పెట్టాలి. ఈ మాట బ్రాకెట్ బిగించే పేరాలోనే రావాలి. బ్రాకెట్‌కి బెజ్జాలు వేసేటప్పుడే స్విచ్‌కి కూడా వేస్తారు కదా. తిరుగుతున్న స్పిండిల్ మీదికి సాకెట్ దిగకూడదన్నది కూడా అక్కడే రాయి. విప్పేటప్పుడు కట్టర్ కింద ఎడమచెయ్యి ఉండాలన్నది మాత్రం వాడకం దగ్గర పెట్టు.

నీ భాష బాగుంది. ‘చాలా సులభం’, ‘ఎవరైనా చేయొచ్చు’ లాంటివి కొట్టేశాను, పక్కన పెన్సిల్ గుర్తులు చూడు. ఎంత సులభమో చేసేవాళ్లు తేల్చుకుంటారు. ఫొటోలు సగం తగ్గించి, స్పిండిల్ అడ్డకోత ఒకటి చేత్తో గీసి పెట్టు. సాకెట్ పైనున్నప్పుడు ఎంత ఖాళీ, దిగాక ఎంత లోతు పడుతుందో అందులో కొలతలు వెయ్యి. గీశాక వ్యాసంతో పాటు పంపు, చూస్తాను.

మీ నాన్నగారిని అడిగానని చెప్పు.

శ్రేయోభిలాషి