డిటెక్టివే హంతకుడైతే

తమ్ముడూ,

చివర్లో డిటెక్టివే హంతకుడని తేలే నవల మొదలుపెట్టానన్నావు. సంతోషం. అయితే ఆ సంగతి చివరిదాకా దాచగలిగితే చాలనుకుంటున్నట్టున్నావు. దాచడం ఎవరైనా దాస్తారు. పుస్తకం మూసిన పాఠకుడు మళ్లీ వెనక్కి తిప్పి, "అరె, ఇక్కడే చెప్పేశాడే!" అనుకోవాలి.

ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ ఇలాంటి కథలకు 1929లో పెట్టిన పది నియమాల్లో, డిటెక్టివ్ తానే నేరం చేయకూడదన్నది ఒకటి. అతనికి దొరికిన ప్రతి క్లూనూ పాఠకుడికి చూపాలన్నది ఇంకొకటి. మొదటిది మీరుతున్నావు కాబట్టి రెండోది ప్రాణంగా పాటించు. రెండూ మీరితే అది మోసమే.

అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' చదవకపోతే ఈ పేరా దాటేయి. అందులో కథ చెప్పేవాడే హంతకుడు. 8.40కి ఉత్తరాలు వచ్చాయంటాడు, 8.50కి తాను హతుడి గదిలోంచి వచ్చేశానంటాడు. రెండూ నిజాలే. మధ్యలో పది నిమిషాలు ఏం చేశాడో రాయడు. పైగా, చేయాల్సిందేమైనా మిగిలిపోయిందా అని తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశానంటాడు! హంతకుడెవరో తెలిశాక ఆ వాక్యం చదివి చూడు. నీ కథకుడు కూడా కొన్ని చెప్పకపోవచ్చు గానీ అబద్ధం ఆడకూడదు.

ముందు హత్య జరిగిన రోజును నిమిషాలతో సహా వేరే నోట్‌బుక్‌లో రాసుకో. తర్వాత ప్రతి క్లూకీ రెండు అర్థాలు చూసుకో. ఉదాహరణకి, డిటెక్టివ్ ఆ ఇంట్లోకి మొదటిసారి వస్తాడు. కరెంటు దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి. బీరువా వెనక ఉన్న స్విచ్ తడుముకోకుండా వేస్తాడు, వెలుగులో శవం కనిపిస్తుంది. పాఠకుడి చూపు శవం మీదికి పోతుంది. అతను అంతకుముందే ఆ ఇంటికి వచ్చాడన్న సంగతి మాత్రం స్విచ్ దగ్గరే ఉండిపోతుంది. ఆ స్విచ్ మాట పేరా చివర పెడితే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అసిస్టెంటు చేత "ఎలా తెలిసింది సార్?" అనిపించావా, గుట్టు బయటపడ్డట్టే. సగం కథలో, ఇంకెవరో అదే స్విచ్ కోసం గోడంతా తడుముకునేలా చెయ్యి, గుర్తుండిపోతుంది.

అసలు పరిష్కారానికి ముందు ఒక తప్పుడు పరిష్కారం కావాలి. అది ఒక్క క్లూకి తప్ప అన్నిటికీ సరిపోవాలి. ఆంథొనీ బర్క్‌లీ 'ది పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్'లో ఒకే హత్య మీద ఆరుగురు కూర్చుని తలా ఒక దారిలో తర్కిస్తారు. ఆ పుస్తకాన్ని పెన్సిల్ పట్టుకుని చదువు.

ఇలాంటి నవలలు ఎక్కువగా కూలిపోయేది ఒక్క ప్రశ్న దగ్గర: చంపినవాడు ఆ కేసు ఎందుకు ఒప్పుకున్నాడు? వద్దని తప్పుకోవచ్చుగా? దానికి జవాబు మొదటి అధ్యాయంలోనే, ఇంకేదో మాటలా కనిపిస్తూ ఉండాలి. అది కుదిరాక మొదటి మూడు అధ్యాయాలు పంపు.

నీ శ్రేయోభిలాషి