ఇల్లు మారినంక కుక్కకు దురద, నీరసం: ముందు గోడల సందులు చూడండి

అన్నా, హన్మకొండలో కొత్త కిరాయి ఇంట్లకు దిగిన మూడు వారాలకు మీ లాబ్రడార్ పాదాలు నాకుతోంది, పొట్ట ఎర్రబడ్డది, రెండు రోజులుగా తిండి ముట్టట్లేదు అన్నారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు కావచ్చు. తిండి మానడమే ముందు చూడాలె, అలర్జీ ఒక్కటే అయితే కుక్క ఇంత డీలా పడదు.

పాత కిరాయిదారులకూ కుక్క ఉండేదన్నారు కదా, నా అనుమానం గోమార్ల (పిడుదుల) మీదే, అవి కుట్టి అంటించే ఎర్లీకియా అనే బ్యాక్టీరియా రోగం మీదే. రక్తం తాగిన ఆడ గోమారు కిందికి దిగి గోడ పగుళ్లల్ల, దర్వాజ చౌకట్ల వెనక వేల గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చిన పిల్ల గోమార్లు తిండి లేకుండా నెలలు ఉండగలవు. ఇల్లు ఖాళీగా ఉన్నా అవి పోవు.

చిగుళ్లు పాలిపోయినా, ముక్కులో రక్తం వచ్చినా, జ్వరం 103 దాటినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పోండి. ఇవేవీ లేకున్నా రేపు రక్తంలో ప్లేట్‌లెట్లు, స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే) పరీక్ష చేయించండి. స్మియర్‌లో ఏమీ కనబడకపోయినా ఎర్లీకియా లేదని కాదు. డాక్టర్ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే సాధారణంగా నాలుగు వారాలు. హుషారు వచ్చిందని మధ్యలో ఆపొద్దు. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ మాత్రం వేయకండి.

కుక్కకు గోమార్ల మందు, గోడలకు స్ప్రే ఒకేసారి మొదలుపెట్టండి. గుడ్లు స్ప్రేకు చావవు కాబట్టి రెండు వారాలకోసారి మళ్లీ కొట్టాలె. ఆరేదాకా కుక్క బయటే. పిల్లి ఉంటే పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నవి వద్దు, దానికి విషం.

ఇగ దురద: నేలకు తగిలే చోటే ఎర్రబడింది కాబట్టి ఫినాయిల్ ఆపి, రెండు వారాలు వట్టి నీళ్లతో తుడవండి. ఖాళీ ప్లాట్లల్ల వయ్యారిభామ కలుపు మొక్కల్లో తిప్పితే వచ్చినంక పాదాలు కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడవండి. ఈ లోపు తిండి మార్చొద్దు, మారిస్తే దేనితో తగ్గిందో తెల్వదు.