వైస్ చాన్సలర్ పేరుతో వచ్చే మెయిల్, 'మెయిల్‌బాక్స్ నిండింది' అనే మెయిల్: నిజమో మోసమో ఎలా తెలుస్తుంది?

"మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయకండి, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని కోడ్‌లు పంపండి" అని వీసీ పేరుతో వస్తే అది మోసమే. ఫోన్ చేయొద్దనేది మీరు అడిగి తెలుసుకోకుండా ఆపడానికే. ఫోన్‌లో మెయిల్ తెరిస్తే పంపినవారి పేరే పైకి కనిపిస్తుంది. పేరు మీద నొక్కి అడ్రస్ చూడండి, చాలాసార్లు ఎవరైనా తెరవగలిగే మామూలు జీమెయిల్ ఖాతానే ఉంటుంది.

'మెయిల్‌బాక్స్ నిండింది, లాగిన్ అవ్వండి' అనేది ఇంకా ప్రమాదం. దొంగిలించిన తోటి ఉద్యోగి ఖాతా నుంచి కూడా వస్తుంది కాబట్టి అడ్రస్ సరైనదే అయినా నమ్మలేం. లింకును తెరవకుండా నొక్కి పట్టుకుంటే (కంప్యూటర్‌లో మౌస్ దానిపై ఉంచితే) పూర్తి అడ్రస్ కనిపిస్తుంది. హెచ్‌టీటీపీఎస్ తర్వాతి రెండు స్లాష్‌లు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్‌కి ముందున్న చివరి భాగం చదవండి. మొదట్లో మీ యూనివర్సిటీ పేరున్నా, చివర మీ సంస్థ 'ఏసీ డాట్ ఇన్' కాకుండా 'డాట్ టాప్' ఉంటే అది మీది కాదు. ఓటీపీ ఉందిలే అనుకోవద్దు. ఆ లింకు తెరిచే నకిలీ లాగిన్ పేజీలో కొట్టిన ఓటీపీని మోసగాళ్లు వెంటనే అసలు పేజీలో వాడేస్తారు.

పాస్‌వర్డ్ ఇచ్చేశారా? వెంటనే మార్చండి, అన్ని పరికరాల్లో సైన్ అవుట్ చేయండి. ఆ తర్వాత మెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వార్డింగ్ (మీ మెయిళ్లను వేరే అడ్రస్‌కి పంపే ఏర్పాటు) తప్పకుండా చూడండి. చాలామంది మరిచిపోయేది ఇదే. పాస్‌వర్డ్ మారినా, వాళ్లు పెట్టిన ఫార్వార్డింగ్ ఉన్నంతకాలం మీ మెయిళ్లు అటు పోతూనే ఉంటాయి. ఐటీ విభాగానికి అదే రోజు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.