ఐర్లండ్ రైతులకు ఆవంటే చెవి నంబరేనా, మనలా పేర్లు పెడతారా?

పెడతారు. నర్సు ఉద్యోగానికి వచ్చి కెర్రీ కౌంటీలో ఒక పల్లెలో ఉంటున్నాను. గోడ అవతలే ఒక పెద్దాయన పాడి ఉంది. నాకు తెలిసింది చాలావరకు అక్కడ చూసిందే, ఆయన చెప్పిందే.

దూడ పుట్టిన 20 రోజుల్లోపు రెండు చెవులకూ ట్యాగులు వెయ్యాలని చట్టం. కాగితాల్లో ఆ నంబరే. కొట్టంలో మాత్రం పేరే. రంగూ రూపూ చూసి పిలవడం పాత పద్ధతి: వీపున తెల్లచార ఉంటే డ్రిమిన్, కొమ్ములు లేకపోతే మొయిలీ. మన కర్రావు, పుల్లావు, బోడావు వరసే. కానీ ఈయనవి ఎక్కువగా కెర్రీ జాతివి, చిన్న ఒళ్లు, కారునలుపు. అన్నీ నలుపే అయితే రంగుతో గుర్తెలా? అందుకని తల్లి పేరే కూతురికీ మనవరాలికీ వస్తుంది. ఆ పేరు మా ఆసుపత్రి కేసు షీటు లాంటిది. "దీని తల్లికి కాన్పు కష్టమైంది, దీన్ని కనిపెట్టుకుని ఉండాలి" అంటారు, పేరు తలుచుకోగానే.

చలికాలమంతా పశువులు కొట్టంలోనే. తలుపు తీస్తే ఏ ఆవు గాటికి ఆ ఆవు వెళ్లి నిలబడుతుంది. దూడల్ని "సక్ సక్" అని పిలుస్తారు.

ఫిబ్రవరి 1 సెయింట్ బ్రిజిడ్ పండుగ. 2023 నుంచి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. పాడిపశువులకు ఆమే రక్ష అని నమ్మకం. ముందురోజు రాత్రి ఒక గుడ్డను ఆరుబయట కంప మీద వేసి, ఏడాదంతా దాచుకుంటారు. ఆ గుడ్డను ఈనబోయే ఆవు నడుము మీద కప్పడం నేను కళ్లారా చూశాను. కప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, దూడ ముంగాళ్లు, మూతి సరిగ్గా వస్తున్నాయా అని తడిమి చూశారాయన. నమ్మకం ఉందని పనిలో ఏమరుపాటు లేదు. దూడ పడ్డాక 2 గంటల్లోపు దాదాపు 3 లీటర్ల జున్నుపాలు పట్టాలన్న నియమం ఎప్పుడూ తప్పరు. మిగిలినవి ఒకసారి మాకిస్తే బెల్లం, మిరియాలు వేసి జున్ను చేసిచ్చాను. ఇంటిల్లిపాదీ ఇష్టంగా తిన్నారు.

వందల ఆవులున్న పెద్ద డెయిరీల్లో మాత్రం పిలుపు చాలావరకు నంబరుతోనే.

పాత పేర్ల మీద ఆసక్తి ఉంటే, 1937-39 మధ్య ఐరిష్ బడిపిల్లలు ఇంటి పెద్దల్ని అడిగి రాసిన నోటుపుస్తకాలు చూడండి. పశువుల పేర్లేమిటి, ఎలా కట్టేస్తారు, ఎలా పిలుస్తారు, అన్నీ పిల్లల చేతిరాతలోనే ఉంటాయి. డూకస్ అనే వెబ్‌సైట్లో ఉచితంగా చదువుకోవచ్చు.