ఒక పామా, రెండు పాములా?

ప్రశ్న: వైద్య చిహ్నాల్లో కొన్నిచోట్ల కర్రకు ఒకే పాము చుట్టుకుని ఉంటుంది, కొన్నిచోట్ల రెక్కల కర్రకు రెండు పాములు. ఏది సరైనది?

జవాబు: ఒక్క పామున్నదే. అది గ్రీకుల వైద్యదేవుడు అస్క్లేపియస్ చేతికర్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ చిహ్నంలో ఉన్నదీ ఇదే. రెండు పాముల దండం హెర్మీస్‌ది. ఇతణ్నే రోమన్లు మెర్క్యురీ అన్నారు. దేవతల దూత, వర్తకులకూ బాటసారులకూ, ఆఖరికి దొంగలకూ దేవుడు! వైద్యంతో పెద్దగా పొత్తు లేదు. 1902లో అమెరికా సైన్యపు వైద్య విభాగం ఈ దండాన్నే తన బ్యాడ్జీకి తీసుకోవడంతో గందరగోళం ముదిరింది. గుర్తుపట్టాలంటే ముందు కర్ర పైకొన చూడండి. రెక్కలుంటే హెర్మీస్‌దే. అస్క్లేపియస్ కర్ర సాధారణంగా మోటుగా, కొమ్మ నరికి తెచ్చినట్టుంటుంది. అన్నట్టు, ఇంగ్లీషులో బుధగ్రహానికీ పాదరసానికీ ఉన్న పేరు ఈ మెర్క్యురీదే.