కుక్కకు బీమా సరే, అర్ధరాత్రి కౌంటర్ దగ్గర డబ్బెక్కడిది?

ప్రశ్న: మాది హైదరాబాద్, ఉప్పల్. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 58 వేలు. మా లాబ్రడార్ స్వీటీకి ఐదేళ్లు. పోయిన నెల గర్భసంచిలో చీము పట్టిందని అర్ధరాత్రి ఆపరేషన్ చేశారు. 41 వేలైంది. చేతిలో పదమూడు వేల చిల్లరే ఉంది. బంగారం తాకట్టు పెట్టడం ఇష్టం లేక లోన్ యాప్‌లో 30 వేలు తీసుకున్నాం. ఫీజు పోను 27,600 వచ్చింది. నెలకు 5,700 చొప్పున ఆరు నెలలు కట్టాలి. పెట్ ఇన్సూరెన్స్ ఉండి ఉంటే ఈ అప్పు తప్పేదా? ఇప్పుడైనా తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, స్వీటీ బతికింది. అది చదివాక నాకూ ప్రాణం కుదుటపడింది. కానీ మీ ప్రశ్నకు జవాబు మాత్రం మీరు అనుకుంటున్నది కాదు. ఇన్సూరెన్స్ ఉన్నా ఆ రాత్రి అప్పు తప్పేది కాదు.

మన దగ్గర కుక్కల పాలసీల్లో చాలావరకు ముందు మనం బిల్లు కట్టి, తర్వాత రసీదులు, టెస్టు రిపోర్టులు, డాక్టరు రాసిన కాగితాలు పంపి డబ్బు తెచ్చుకోవాల్సినవే. రాత్రి రెండింటికి కౌంటర్ దగ్గర అడిగేది పాలసీ నంబరు కాదు, అడ్వాన్సు. ఆ అడ్వాన్సు చేతిలో లేకపోవడమే మీ అసలు సమస్య. కుక్కపిల్లను తెచ్చుకునేటప్పుడు దాని ధర చూస్తాం, నెలకు తిండికెంతో వేసుకుంటాం, జబ్బు చేస్తే ఎంతవుతుందో మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నా దగ్గరికి ఇలా వచ్చేవాళ్లు మీరొక్కరే కాదు, అందుకే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

ఇప్పుడు ఆ యాప్ సంగతి. చేతికొచ్చింది 27,600. కట్టేది 34,200. ఆరువేల ఆరువందలే కదా ఎక్కువ అనిపిస్తుంది. కానీ తీసుకున్న అసలు మొత్తం నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి, ఏడాది లెక్కన ఇది దాదాపు 78 శాతం వడ్డీ! ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చే ముందే దాని షరతులన్నీ ఉన్న కాగితం, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అందులో ఏపీఆర్ అని ఈ మొత్తం ఖర్చు శాతాల్లో ఉండాలి. ఆ గడి చూడకుండా ఓకే నొక్కకండి. ఇంట్లో బంగారం పెట్టుకుని యాప్‌లో అప్పు చేయడం ఏమిటమ్మా? తాకట్టు పెడితే పరువు తక్కువన్న మాట పక్కన పెట్టండి. బ్యాంకులో బంగారం మీద ఏడాదికి పది శాతం అటూఇటూగా దొరుకుతుంది. ఈ వారమే గొలుసు బ్యాంకుకు తీసుకెళ్లండి. యాప్ అప్పు మొత్తం ఒకేసారి తీర్చేసి, బాకీ లేదని కాగితం రాయించుకోండి. దీన్ని తీర్చడానికి ఇంకో యాప్ జోలికి వెళ్లకండి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడమూ వద్దు, దానికి తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది.

యాప్‌కు కడుతున్న 5,700 మీ బడ్జెట్‌లో ఎలాగూ పక్కకు పోతోంది. అందులో 4,000 బంగారం అప్పుకు, 1,700 స్వీటీ పేరున వేరే ఖాతాలో. అప్పు తీరాక 5,700 మొత్తం అందులోకే. ఏడాది తిరిగేసరికి దాదాపు 40 వేలవుతుంది. మామూలు సేవింగ్స్ ఖాతా చాలు, రాత్రికి రాత్రి తీసుకునేలా ఉండాలి. దానికి ఏటీఎం కార్డు ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. మీ ఇద్దరి కోసం ఉంచాల్సిన మూడు నెలల ఖర్చు దీనికి అదనం, రెండూ కలిపేయకండి.

మా ఇంట్లో వీధిలోంచి తెచ్చుకున్న కుక్కపిల్లకు పార్వో అనే వైరస్ జబ్బు వచ్చింది. ఐదు రోజులు పొద్దునా సాయంత్రం సెలైన్. ముందుకాలికి సూది, దాని మీద పచ్చ బ్యాండేజీ. ఆ బ్యాండేజీ నాకుతూ నా ఒళ్లో నిద్రపోయేది. రోజూ బిల్లు వస్తూనే ఉంది. నేను మాత్రం దాని కడుపు మీద చెయ్యేసి కూర్చోగలిగాను. ఎవరికీ ఫోన్ చేసి డబ్బు అడగాల్సిన పని పడలేదు. ఇలాంటి ఖాతా నాకూ ఉండబట్టే.

ఇన్సూరెన్స్ పనికిరాదని కాదు. కుక్క ఎవరినైనా కరిస్తే వచ్చే నష్టపరిహారం, పెద్ద యాక్సిడెంటు, ఇలాంటి వాటికి ఎంత దాచినా చాలదు, వాటికి పాలసీ మంచిదే. కానీ పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు వర్తించదు. మొదట్లో క్లెయిముకు కొన్నాళ్లు ఎదురుచూడాలి. టీకాలు వేయించకపోతే ఆ జబ్బుల క్లెయిము రాదు. కొత్తగా చేరడానికి వయసు పరిమితి ఉంటుంది, లాబ్రడార్ లాంటి పెద్ద జాతులకు అది ఇంకా తక్కువ ఉండొచ్చు. స్వీటీకి ఐదేళ్లు కాబట్టి ముందు అదే అడగండి. అన్నిటికంటే ముందు మీ ఇద్దరికీ సొంత ఆరోగ్య బీమా ఉందా? ఉత్తరంలో ఆ మాటే లేదు. ఆఫీసు పాలసీ ఒక్కటే ఉంటే, స్వీటీ పాలసీ దాని తర్వాతే.

చీము పట్టే జబ్బు ఎక్కువగా ఎద అయిన కొన్ని వారాలకు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో వస్తుంది. ముందే చేయించి ఉంటే ఖర్చు ఇందులో చిన్న భాగం. స్వీటీకి గర్భసంచి తీసేశారు కాబట్టి ఆ బెంగ లేదు. అర్ధరాత్రి కాకపోతే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, ఒకసారి వెళ్లి చూసిరండి. ఏటా జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజు వేయించి, మిగిలిన డబ్బు కూడా స్వీటీ ఖాతాలోనే వేయండి.