లాంజరోటేలో ఓడ దిగాలా, వద్దా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. ఈ చలికాలం మమ్మల్ని సౌతాంప్టన్ నుంచి కేనరీ దీవులకు వెళ్ళే క్రూయిజ్‌కు తీసుకెళ్తున్నాడు. మధ్యలో లాంజరోటే అనే దీవి దగ్గర ఓడ పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆగుతుందట. ఫొటోల్లో ఎక్కడ చూసినా నల్లరాళ్ళే, పచ్చని చెట్టు కనబడదు. మావారికి మోకాళ్ళ నొప్పులు. "ఆ ఎండిన గుట్టల్లో చూసేదేముంది, ఓడలోనే ఉండిపోదాం" అంటున్నారు. పైగా మేం శాకాహారులం. దిగడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పకుండా దిగండమ్మా. ఆ క్రూయిజ్‌లో ఒక్కచోటే దిగే ఓపిక ఉందన్నా, నేను లాంజరోటేనే చెబుతాను.

మీవారి మాటలో తప్పేం లేదు. గోదావరి కాలవల పక్కన పెరిగినవాళ్ళకి ఆ నల్లటి నేల బీడులా కనబడటం సహజం. నేను అనంతపురం జిల్లా మనిషిని. వ్యవసాయ శాఖలో నా ఉద్యోగమంతా వాన కోసం ఎదురుచూసే రైతుల మధ్యే గడిచింది. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా సమయానికి పడక వేరుశనగ ఎండిపోయిన ఏళ్ళు ఎన్నో చూశాను. లాంజరోటేలో పడేది 150 మిల్లీమీటర్ల లోపే. ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. అలాంటి చోట తరతరాలుగా నీరు కట్టకుండా ద్రాక్ష పండిస్తున్నారు. ఆ తోటలు చూడకుండా వచ్చేస్తే మీరు దీవిని చూడనట్టే.

ఈ దీవి స్పెయిన్‌ది. కానీ ఆఫ్రికా తీరానికి దగ్గర, దాదాపు 125 కిలోమీటర్లు. కేనరీ దీవుల్లోనే మరొకటైన టెనెరిఫేలో 3,700 మీటర్లు దాటిన కొండ ఉంది కాబట్టి సముద్రం మీంచి వచ్చే మబ్బులు దానికి తగిలి తడి ఇచ్చి పోతాయి. లాంజరోటేలో ఎత్తయిన చోటు 671 మీటర్లే. మబ్బులు పైనుంచే దాటిపోతాయి.

ఇక ఆ నల్లరాళ్ళ సంగతి. 1730 సెప్టెంబర్ 1 రాత్రి తిమన్ఫాయా అనే ఊరి దగ్గర భూమి బద్దలైంది. యైసా అనే ఊరి చర్చి ఫాదర్ ఒకాయన జరిగినవన్నీ రాసిపెట్టబట్టి మనకు తారీఖుతో సహా తెలుస్తోంది. ఆ పేలుళ్ళు ఆగుతూ సాగుతూ 1736 దాకా నడిచాయి. దీవిలో దాదాపు నాలుగో వంతు లావా కింద, బూడిద కింద పోయింది. మంచి పొలాలు, ఊళ్ళకు ఊళ్ళు కప్పబడిపోయాయి. చాలామంది వలసపోయారు.

మిగిలిన రైతులు ఒకటి గమనించారు. నల్లటి బూడిద రవ్వ పల్చగా పడ్డ చోట మొక్క బాగా వస్తోంది. దాన్ని వాళ్ళు పికోన్ అంటారు. చిల్లులు చిల్లులుగా, తేలిగ్గా ఉంటుంది. రాత్రి తేమను పట్టుకుంటుంది, పగలు కింది మట్టిలో తడి ఆరిపోకుండా కాపాడుతుంది. అందుకే బూడిద మందంగా పడ్డ లా హేరియా లోయలో రైతులు బూడిదను తవ్వుకుంటూ పాత మట్టి తగిలేదాకా పోయారు. కొన్ని గుంటలు మూడు మీటర్ల లోతు కూడా ఉంటాయి. ఒక్కో గుంటలో ఒకటో రెండో ద్రాక్ష మొక్కలు. సముద్రపు గాలి తగలకుండా అంచున అర్ధచంద్రాకారంలో రాళ్ళ గోడ, సిమెంటు లేకుండా పేర్చింది. కొండవాలు నిండా వేల గుంటలు. ట్రాక్టర్ దిగే వీల్లేదు కాబట్టి కాయ కోసేదంతా చేత్తోనే.

నేను ఒక గుంట అంచున కూర్చుని పికోన్‌లో వేలు గుచ్చి చూశాను. పైన ఎండకు చురుక్కుమంటోంది, వేలు లోతున చల్లగా, తడిగా ఉంది. తడిని నిలబెట్టడానికి పొలంలో ఆకులూ పొట్టూ పరచమని మా రైతులకు ఎన్నేళ్ళు చెప్పానో! వీళ్ళు తమ పొలాల్ని మింగిన బూడిదతోనే ఆ పని చేయించుకున్నారు. అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి.

మోకాళ్ళ గురించి టెన్షన్ వద్దు. తిమన్ఫాయా నేషనల్ పార్క్‌లో లావా మధ్య పర్యాటకులను ఎలాగూ ఇష్టమొచ్చినట్టు నడవనివ్వరు. బస్సులో కూర్చోబెట్టి 14 కిలోమీటర్ల ఇరుకు దారిలో తిప్పి చూపిస్తారు. మీవారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. బస్సెక్కే చోటే అక్కడి ఉద్యోగి నేలలోంచి గులకరాళ్ళు తీసి మన అరచేతిలో పోస్తాడు. క్షణం కూడా పట్టుకోలేం! భూమిలో దింపిన గొట్టంలో బకెట్ నీళ్ళు పోస్తే రెండు మూడు సెకన్లలో ఆవిరి పెద్ద చప్పుడుతో పైకి తన్నుకొస్తుంది. పార్క్ వాళ్ళు చెప్పేదాని ప్రకారం 13 మీటర్ల లోతులో వేడి 600 డిగ్రీల దాకా ఉంటుంది. పక్కనే ఉన్న రెస్టారెంట్‌లో ఆ వేడి మీదే వండుతారు.

ఓడ వాళ్ళే అమ్మే టూర్లలో తిమన్ఫాయా, లా హేరియా కలిపి ఉన్నది తీసుకోండి. ధర కాస్త ఎక్కువే. కానీ సొంత టాక్సీలో వెళ్ళి పార్క్ గేటు దగ్గర క్యూలో ఇరుక్కుంటే ఓడ మీ కోసం ఆగదు. వాళ్ళ టూర్ బస్సు ఆలస్యమైతే మాత్రం ఆగుతుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఆ నిశ్చింతకు డబ్బు పెట్టొచ్చు. హామియోస్ దెల్ ఆగ్వా అనే లావా గుహ కూడా చాలా బాగుంటుంది, అందులోని నీళ్ళలో చూపులేని చిన్నచిన్న తెల్ల పీతలుంటాయి. కాకపోతే మెట్లు ఎక్కువ. ఈసారికి వదిలేయండి.

తిండికి ఇబ్బంది లేదు. "పాపాస్ అర్రుగాదాస్" అని అడగండి. బాగా ఉప్పేసిన నీళ్ళలో తొక్కతోనే ఉడికించిన చిన్న బంగాళాదుంపలు. వాటితో నంజుకోడానికి మోహో అనే పచ్చడి రెండు రకాలది ఇస్తారు. ఎర్రది ఎండుమిరపకాయలు, వెల్లుల్లితో, పచ్చది కొత్తిమీరతో చేస్తారు. మన నాలుకకు ఎర్రదే నచ్చుతుంది. ఓడ నుంచి ఒక నీళ్ళ సీసా తీసుకెళ్ళండి. అక్కడి కుళాయి నీళ్ళు సముద్రపు నీటిని శుద్ధి చేసినవి, రుచి మనకు అలవాటు కాదు. గాలి గట్టిగా కొడుతుంది, పల్చటి జాకెట్, చెవులకు స్కార్ఫ్ ఉండాలి.

అన్నిటికన్నా ముందు వీసా. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో స్పెయిన్ దీవులకు షెంజెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) కావాలి, బ్రిటన్ వీసా సరిపోదు. మల్టిపుల్ ఎంట్రీ తీసుకోండి. తిరిగి సౌతాంప్టన్‌లో దిగాలి కాబట్టి బ్రిటన్ వీసా కూడా రెండోసారి ప్రవేశానికి పనికొచ్చేదేనా అని మీ అబ్బాయిని ఇప్పుడే చూడమనండి. ఓడ దిగకపోయినా ఎక్కేటప్పుడే ఈ కాగితాలు అడుగుతారు.

ప్రశ్న: మేమూ లాంజరోటే వెళ్తున్నాం. మా పాపకు రాళ్ళు పోగుచేసే సరదా. చిన్న లావా రాయి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తీసుకోకండి. నేషనల్ పార్క్‌లో చిన్న రాయి తీయడం కూడా నిషేధమే, ఓడ ఎక్కే ముందు సామాను తనిఖీలో దొరికితే పాప ముందు మీకే ఇబ్బంది. అక్కడి అంగళ్ళలో ఒలివిన్ అనే ఆకుపచ్చ రాయి పొదిగిన చిన్న లాకెట్లు అమ్ముతారు. అది లావాతోపాటు పైకొచ్చే ఖనిజమే. బిల్లుతో కొనివ్వండి.